నల్లగుండ్ల మీదుగా

పందెం దారి మారిందని జ్ఞానరాజు మాస్టరు చెప్పిన సాయంత్రం రామలింగప్పకు అన్నం దిగలేదు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడాది అది. ఊరినిండా గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు, ఆఫీసుల చుట్టూ కాగితాలు పట్టుకుని తిరిగే జనం. ఆ సందడి మొదలుకాకముందే, ఇంకా మసక చీకటి ఉండగానే, కొండారెడ్డి బురుజు దగ్గర కొందరు చేరి హంద్రీ ఒడ్డు దాకా పరిగెత్తి వచ్చేవాళ్లు. రిటైరైన డ్రిల్లు మాస్టరు జ్ఞానరాజు పెట్టిన సంఘం. అందులో ఎవరికీ పరుగు బతుకుతెరువు కాదు. ఒకడు నేతగాడు, ఒకడు తాపీమేస్త్రి, ఒకడు ఆస్పత్రి గేటు దగ్గర జవాను. నలభై దాటినవాళ్లే ఎక్కువ. ఆ చలికాలం వాళ్లతో రెండు పెద్దల జట్లు కట్టి, డోన్ రైల్వేవాళ్ల జట్టుతోనూ నంద్యాల జట్టుతోనూ ఒకరి చేతి కట్టె ఒకరు అందుకుంటూ పోయే రోడ్డు రిలే ఆడిద్దామని మాస్టరు పట్టుబట్టాడు. కుర్రవాళ్లు తాతల పందెమని నవ్వారు. తాతలు మాత్రం రాత్రిళ్లు కాళ్లకు ఆముదం రాసుకుని పడుకునేవాళ్లు.

నంద్యాల నుంచి ఓర్వకల్లు మీదుగా కర్నూలుకు పరిగెత్తాలని మొదటి ఏర్పాటు. వానలకు ఆ దారిలో ఒక వంతెన కొట్టుకుపోయింది. బాగు చేసేసరికి ఎండాకాలం వస్తుందన్నారు.

"అందుకని డోన్ నుంచి పెట్టినాం. రోడ్డు ఇంగా బాగుండాది" అన్నాడు మాస్టరు సంతోషంగా.

డోన్ రోడ్డు మీద నల్లగుండ్ల ఉంది. రామలింగప్ప పుట్టిన ఊరు.

ఎనిమిదేళ్ల కిందట ఒక తెల్లవారుజామున అతను నల్లగుండ్ల వీధిలో పడుగు సాగదీస్తున్నాడు. వీధి పొడవునా గుంజలు పాతి, నూలు పోగుల మధ్య వంగి తెగినవి ముడివేస్తున్నాడు. బండ్లు విప్పే చోటు నుంచి దేవేంద్రప్ప అనే రైతు పరిగెత్తుకుంటూ వచ్చాడు. వెనక చిన్న ఈరన్న. చిన్న ఈరన్న చేతిలో గొడ్డలి ఉంది. ఆ రెండు ఇళ్ల మధ్య పగ ఊరందరికీ తెలుసు. దేవేంద్రప్ప పడుగులో చిక్కుకుని పడ్డాడు. ఆ తర్వాత జరిగినదంతా రామలింగప్ప కళ్ల ముందే జరిగింది. తలుపులు తెరిచినవాళ్లు మళ్లీ మూసుకున్నారు. నూలు పోగులు చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డది అతనొక్కడే.

కోర్టులో చూసింది చూసినట్లు చెప్పాడు. చిన్న ఈరన్నకు యావజ్జీవం పడింది. చిన్న ఈరన్న అన్న తిమ్మన్న కోర్టు బయట ఎదురొచ్చాడు. తిమ్మన్న అరవలేదు.

"మల్ల నల్లగుండ్లలో కనపడొద్దు రామలింగా. కనపడితే నేనేం చేస్తానో నాకే తెల్దు" అన్నాడు మెల్లగా.

ఆ రాత్రే రామలింగప్ప, భార్య హనుమమ్మ మగ్గం వదిలేసి, కట్టుబట్టలతో కర్నూలు చేరారు. పాతబస్తీలో ఒక ఇంటి పంచలో గుంట తవ్వుకుని మళ్లీ మగ్గం వేసుకున్నారు. బతుకు కుదుటపడింది గాని నిద్ర పోయింది. గాలికి తలుపు కదిలినా రామలింగప్ప లేచి కూర్చునేవాడు. తెల్లవారకముందే బయటికొచ్చి ఏటి వైపు నడిచేవాడు. నడుస్తుంటే వెనక ఎవరో వస్తున్నట్లుండేది. అడుగు పెంచేవాడు. అట్లా నడక పరుగైంది. ఒక పొద్దు జ్ఞానరాజు మాస్టరు ఆపి, "బాగా పరిగెత్తుతాండావే, మాతో రా" అన్నాడు. ఆ పరుగు ఎందుకు వచ్చిందో మాస్టరుకు తెలియదు.

తెలిసింది లేవికి ఒక్కడికే, అదీ ఈ దారి మారాకే. లేవి ఆస్పత్రి గేటు జవాను, యాభై దాటినవాడు, రామలింగప్ప పక్కనే పరిగెత్తేవాడు. ఊపిరి ఆడనప్పుడు కూడా మాట్లాడే మనిషి.

ఎవరు ఏ భాగం పరిగెత్తాలో చీట్లు తీస్తే రామలింగప్పకు మూడో భాగం వచ్చింది. సరిగ్గా నల్లగుండ్ల మధ్య నుంచి పోయే భాగం. ఆ చీటీ పట్టుకుని అతను గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. లేవి దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, మొగం అట్లయింది?"

రామలింగప్ప చెప్పాడు. లేవి అతని చేతిలోంచి చీటీ లాక్కుని తనది ఇచ్చాడు.

"నాది రెండో ముక్క. ఊరికి మైలు దూరంలో వాగు మీది మోరీ కాడ అయిపోతాది. ఆడికి వచ్చి కట్టె నా చేతిలో పెట్టి కూచో. ఊర్లో నుంచి నేను పోతా. నన్నెవురు అడుగుతారు?"

ఇంట్లో హనుమమ్మ ఒప్పుకోలేదు.

"మైలు దూరమైతే ఏమి? ఆ రోడ్డు మీద పోనే వద్దు. నీ కాళ్లు పట్టుకుంటా."

"లేవి ఉంటాడు, లారీ ఉంటాది, శానామంది ఉంటారు" అన్నాడతను. ఆమెను ఒప్పించడానికి అన్నాడో, తనను తాను ఒప్పించుకోవడానికి అన్నాడో అతనికే తెలియలేదు. మానేస్తానంటే ఎందుకని అడుగుతారు. ఎనిమిదేళ్లుగా దాచింది పదిమందిలో విప్పాల్సి వస్తుంది. ఆ భయం ఈ భయం కంటే కొంచెం పెద్దదిగా కనిపించింది అప్పుడు.

*

పందెం ఆదివారం. డోన్ నుంచి బయలుదేరిన లారీ మనుషులను ఒక్కొక్క చోట దించుకుంటూ పోయింది. అందరినీ దించి వెనక్కొచ్చి, నల్లగుండ్ల దాటాక చింతతోపు దగ్గర ఆగి ఉండాలని ఏర్పాటు. ఆఖరివాడు ఆ తోపు దాటాక, వెనక మిగిలినవాళ్లను ఎక్కించుకొస్తుంది. పందెం చూసే పెద్దమనుషుల జీపు ముందున్నవాళ్లతో పోతుంది.

రామలింగప్ప ఉన్నది సంఘం రెండో జట్టు. మొదటి భాగం పరిగెత్తినవాడు కడుపు పట్టుకుని వచ్చి కట్టె ఇచ్చేసరికి మిగతా మూడు జట్లూ కనుచూపు మేర లేవు. రామలింగప్ప వట్టికాళ్లతో పరుగందుకున్నాడు. ఒకవైపు కోసిన జొన్నచేలు, ఇంకోవైపు రాళ్లగుట్టలు. చలిగాలికి చెవులు మంటపుడుతున్నాయి. రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. తన పాదాల చప్పుడే తనకు వినబడుతోంది. ప్రతి మలుపు దగ్గరా కంపచెట్ల వెనక చూపు పోతోంది. మోరీ కనిపించినప్పుడు ప్రాణం లేచొచ్చింది. లేవి చేతిలో కట్టె పెట్టడమే, తర్వాత కూచోవడమే.

లేవి నిలబడి లేడు.

మోరీ గోడ పక్కన నేల మీద పడి ఉన్నాడు. మేకలు కాసే ముసలామె ఒకతి అతని కాలు పట్టుకుని, పిక్క మీద తన కొంగు చింపి కడుతోంది.

"తేలప్పా" అంది ఆమె తల ఎత్తకుండా. "ఎర్రతేలు. ఈ రాయి మీద కూచున్యాడంట. నేను వచ్చేపాటికే కుట్టిండాది. నా పేరు మద్దమ్మ, ఆ గుట్ట కాడ మాది. మా యింట్లో ఒగన్ని ఇట్లనే పోగొట్టుకుంటి. జల్దీ డాక్టరు కాడికి తీస్కపోండి."

లేవి ఒళ్లంతా చెమట. చలిలో బనియను తడిసి ముద్దయింది. చేతులు పట్టుకుంటే మంచులా ఉన్నాయి. ఇంతలోనే వాంతి చేసుకున్నాడు. కళ్లు తెరిచి రామలింగప్పను చూసి ఏదో అనబోయి, పళ్లు బిగబట్టాడు.

రామలింగప్ప అటూ ఇటూ చూశాడు. వెనక ఏ జట్టూ లేదు. బస్సుకు ఇంకా చాలాసేపుంది. దగ్గరున్న బండి ఒకటే, చింతతోపు దగ్గర లారీ. దానికి దారి నల్లగుండ్ల మధ్య నుంచి.

"గుట్ట చుట్టుకొని దారి ఉండాదా అవ్వా?"

"యాడ ఉండాది? అంతా కంప. మద్దేన్నమైతాది."

లేవి అతని మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు" అన్నాడు. "నువ్వు పోవద్దు. ఎవురన్నా వస్తారు."

ఎవరూ రారని ఇద్దరికీ తెలుసు. తన చీటీ తీసుకున్నందుకే లేవి ఆ రాయి మీద కూర్చున్నాడు. రామలింగప్ప చెయ్యి విడిపించుకున్నాడు. కట్టె ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని పారెయ్యాలన్న ఆలోచన కూడా రాలేదు. పరిగెత్తాడు.

*

ఊరు మొదలైంది. అవే మట్టిమిద్దెలు, అదే వీధి. పందెంవాళ్లకు నీళ్లిద్దామని కొందరు ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. అతను తల వంచుకున్నాడు. గడ్డం పెంచి ఉంటే బాగుండేదనిపించింది. పడుగు సాగదీసిన చోటికి వచ్చేసరికి కాళ్లు వాటంతటవే రోడ్డు అవతలి అంచుకు జరిగాయి.

"ఇంగొకాయన వస్తాండాడు, నీళ్లియ్యే" అని ఎవరో అన్నారు. ఒకామె చెంబు చాపింది. అతను అందుకోలేదు. ఆమె మొహంలోకి చూసింది. చెంబు కిందికి దిగింది.

"రామలింగప్ప గాదా ఇతను? సాచ్చి రామలింగప్ప?"

చప్పట్లు ఆగిపోయాయి. చప్పుడు లేని ఆ వీధిలో అతను ఎంతసేపు పరిగెత్తాడో అతనికి తెలియదు. ఒక అరుగు మీద నుంచి ఒక మనిషి లేవడం కంటి చివర కనిపించింది. తల తిప్పకుండానే ఆ మనిషి ఎవరో అర్థమైంది.

ఊరు దాటాడు. ముందు ఖాళీ రోడ్డు, రెండువైపులా కందిచేలు. వెనక సైకిలు గొలుసు కిర్రుమన్న చప్పుడు. మెల్లగా వస్తోంది. తొందర లేని చప్పుడు. పరుగు పెంచాడు. చప్పుడు కూడా పెరిగింది. ఎనిమిదేళ్లుగా ప్రతి తెల్లవారుజామునా ఏటి దారిలో తన వెనక వినబడింది ఇదేనేమో అనుకున్నాడు. ఇప్పుడది నిజంగానే వచ్చేసింది.

సైకిలు పక్కకు వచ్చింది. తిమ్మన్న జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. వెనక క్యారియరుకు వేటకొడవలి కట్టి ఉంది. చేనికి పోయేవాడో, దీనికోసమే తీసుకున్నాడో.

"ఆగు" అన్నాడు తిమ్మన్న.

రామలింగప్ప ఆగలేదు. ఆగితే మళ్లీ కాళ్లు కదలవని భయం.

"తేలు..." అన్నాడు ఊపిరి అందక. "మోరీ కాడ మా వాన్ని... ఎర్రతేలు కుట్టింది. చింతతోపు కాడ లారీ ఉండాది. లారీ రాకపోతే సచ్చిపోతాడు. నన్ను ఆడిదాకా పోనీ. మల్ల నీ ఇష్టం."

కొంతదూరం పక్కపక్కనే పోయారు.

"నా సైకిలైతే జల్దీ పోతాది" అన్నాడు చివరికి.

"పోతాది. పో అన్నా, నీ కాళ్లు మొక్కుతా."

"పోతా. ముందు నాకొగ మాట చెప్పు." తిమ్మన్న సైకిలు ఇంకా దగ్గరికి జరిపాడు. "నా తమ్ముడు జైల్లో కనపడినపుడంతా ఒగటే చెప్తాడు. నేను కొట్లేదన్నా, ఎదటోళ్లు దుడ్లిచ్చి నేతోనితో చెప్పించినారన్నా అని. ఎనిమిదేండ్లుగా నమ్ముకోని ఉండా. ఈడ మనిద్దరమే ఉండాం. కోర్టు లేదు, పోలీసు లేడు. నువ్వు నిజంగా చూసినావా?"

రామలింగప్పకు కొడవలి పిడి కనిపిస్తోంది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. చూడలేదంటే చాలు. చెప్పించారంటే చాలు. సైకిలు ముందుకు పోతుంది, లారీ వస్తుంది, లేవి బతుకుతాడు, తనూ బతుకుతాడేమో. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ దాని వెనకే పడుగులో చిక్కుకున్న దేవేంద్రప్ప చేతులు కూడా వచ్చాయి. పోగులు తెంచుకోవాలని పెనుగులాడిన చేతులు. చివరిసారి అవి రామలింగప్ప వైపే చాచి ఉన్నాయి.

"చూసినా" అన్నాడు. అన్న తర్వాత ఏడుపొచ్చింది. "నా కండ్ల ముందరే కొట్టినాడన్నా. ఎవురూ నాకి దుడ్లియ్యలేదు. చూసినా."

సైకిలు ఆగిపోయింది.

అతను వెనక్కి చూడలేదు. పరిగెత్తాడు. వెనక ఏ చప్పుడూ లేదు. కొడవలి కట్టిన తాడు విప్పడానికి ఎంతసేపు పడుతుంది? లేవికి ఇంకెంతసేపు ఉంది? తను ఒక్క అబద్ధం చెప్పి ఉంటే? మెడ వెనక చర్మం బిగుసుకుపోయింది, అక్కడే దెబ్బ పడుతుందన్నట్లు. కళ్లలోకి చెమట దిగి రోడ్డు మసకబారింది.

మళ్లీ గొలుసు చప్పుడు. ఈసారి వేగంగా, చాలా వేగంగా. రామలింగప్ప కళ్లు మూసుకున్నాడు. మూసుకునే పరిగెత్తాడు.

గాలి ఒక్కసారి తాకింది. సైకిలు అతన్ని దాటి పోయింది. తిమ్మన్న సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కుతున్నాడు, పంచె ఎగిరిపోతోంది. మలుపు తిరిగి కనిపించకుండా పోయాడు.

అతను లారీ దగ్గరికే పోయాడా? కోపం దిగమింగుకోలేక ఎటో పోయాడా? మలుపు అవతల కాచుకుని ఉన్నాడా? రామలింగప్పకు తెలియలేదు. మలుపు దాకా ప్రతి అడుగూ భయంగానే వేశాడు. మలుపు తిరగగానే ఎదురుగా దుమ్ము లేచింది. లారీ. డ్రైవరు హారను ఆపకుండా కొడుతూ పక్కనుంచి దూసుకుపోయాడు. కొంతసేపటికి అదే లారీ వెనక నుంచి వచ్చి దాటి కర్నూలు వైపు పోయింది. అందులో మద్దమ్మ లేవి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండటం చూశాడు. ఆమె మేకలు ఏమయ్యాయోనన్న ఆలోచన వచ్చింది అతనికి, అంత భయంలోనూ.

*

చింతతోపు దగ్గర తాపీమేస్త్రి ఏసేపు ఎదురుచూస్తున్నాడు. ఏమైందని అడగబోయాడు. రామలింగప్ప కట్టె అతని చేతిలో కుక్కాడు.

"పరిగెత్తు" అన్నాడు. "మల్ల చెప్తా."

ఏసేపు ఒక క్షణం తటపటాయించి పరిగెత్తాడు. అతని వీపు చిన్నదై కనబడకుండా పోయాక, తోపులో ఇంకొక మనిషి ఉన్నాడని రామలింగప్పకు గుర్తొచ్చింది.

తిమ్మన్న ఒక చింతచెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. సైకిలు నేల మీద పడి ఉంది. కొడవలి క్యారియరు మీదే ఉంది. రామలింగప్ప నిలబడే శక్తి లేక ఉన్నచోటే కూలబడ్డాడు. ఇక పరిగెత్తమన్నా పరిగెత్తలేడు. ఇద్దరి మధ్య రోడ్డు వెడల్పు కూడా లేదు.

తిమ్మన్న ఒక పుల్ల విరిచి నేల మీద గీతలు గీస్తున్నాడు.

"వాడు నాకి అబద్ధం చెప్పినాడు" అన్నాడు తిమ్మన్న. ఎవరితో చెప్తున్నాడో తెలియనట్లు నేలను చూస్తూ అన్నాడు. "చిన్నప్పటి నుంచి నేనే సాకినా వాన్ని."

పంచె చెంగుతో మొహం తుడుచుకున్నాడు.

"మా యమ్మ ఇంగా బతికే ఉండాది. కండ్లు పోయినాయి. కొడుకు తప్పు చెయ్యలేదని చెప్పుకుంటా ముద్ద మింగుతాండాది. ఆమె కాడ ఈ మాట అనొద్దు. ఎప్పుడన్నా, ఎవురన్నా అడిగినా."

"అనను."

"నిన్ను చూస్తే నాకి ఇప్పుడు గూడా ఒళ్లు మండుతాంది" అన్నాడు తిమ్మన్న. "అది పోదు. నేను చెయ్యి ఎత్తను, అంతే. వాడు బయటికొస్తే వాడేం చేస్తాడో నాకి తెల్దు. వానికి నేను చెప్తా. వింటాడో లేదో."

దూరంగా కర్నూలు బస్సు కనిపించింది. తిమ్మన్న లేచి రోడ్డు మీదికి వచ్చి చెయ్యి ఎత్తాడు. బస్సు ఆగింది. రామలింగప్ప లేవబోయి తూలాడు. తిమ్మన్న రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. కండక్టరే దిగి రెక్క పట్టుకుని ఎక్కించాడు. బస్సు కదిలాక రామలింగప్ప కిటికీలోంచి చూస్తే, తిమ్మన్న సైకిలు లేపి, దాన్ని ఎక్కకుండా తోసుకుంటూ ఊరివైపు నడుస్తున్నాడు.

ఆస్పత్రిలో లేవికి ఆ రాత్రి గండం. సూదులు వేశారు. గేటు దగ్గర అతనితో పనిచేసేవాళ్లంతా వరండాలో కూర్చున్నారు. మద్దమ్మ తిరిగి పోకుండా అక్కడే ఒక మూల ఉండిపోయింది. తెల్లవారాక లేవి నీళ్లడిగాడు. ఆ తర్వాత తనదైన ధోరణిలో మాట్లాడటం మొదలుపెట్టాడు. అప్పుడు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాలు మొద్దుబారడం తగ్గడానికి నెల దాటింది.

రెండో జట్టు కట్టె బురుజు దగ్గరికి చేరేసరికి గెలిచిన డోన్‌వాళ్లు భోజనాలు చేసి రైలుకు పోయారట. జ్ఞానరాజు మాస్టరు మాత్రం ఎండలో నిలబడి ఉన్నాడు. చివరివాడి చేతిలోంచి కట్టె తీసుకుని, ఒకే మనిషి రెండు భాగాలు పరిగెత్తడం నియమానికి విరుద్ధమనీ, అయినా చేరిందనీ అన్నాడట. జరిగిందంతా తర్వాత రామలింగప్ప తనే ఆయనకు చెప్పాడు. పదిమందిలోనే చెప్పాడు. ఏసేపు లేచి అతనికి బీడీ అంటించి ఇచ్చాడు.

ఆ ఆదివారం పొద్దుగూకాక అతను ఇంటికి వెళ్లేసరికి హనుమమ్మ గడపలో కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి పొయ్యి వెలిగించలేదు. అతన్ని చూసి లేచింది. ముందు వీపు తడిమింది, తర్వాత మెడ, తర్వాత రెండు చేతులూ. దెబ్బ ఎక్కడా లేదని తేలాక అతని రొమ్ము మీద గట్టిగా ఒక్కటి కొట్టింది.

"కనపడినాడా?"

"కనపడినాడు."

"ఏమన్యాడు?"

రామలింగప్ప గడపలో కూర్చుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. వీధిలో ఎవరిదో సైకిలు పోయింది. మాట మధ్యలో ఆగిపోయాడు. హనుమమ్మ అతని చెయ్యి పట్టుకుంది. సైకిలు వీధి చివరిదాకా పోయి, మలుపు తిరిగింది. అప్పుడు మళ్లీ చెప్పసాగాడు.